పెచాల్బా: వాళ్ళది ఒక మాట, మనవి రెండు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు బల్గేరియన్ భాష రాదు. ఓ పాతిక మాటలు వచ్చు. వాటిలో సగం ఇటుకలూ, సిమెంటూ, టీలో చక్కెరా గురించినవి. ఆ పాతికలో ఒక మాట పట్టుకుని పోట్లాడటానికే ఇది రాస్తున్నాను. పోట్లాట బల్గేరియన్లతో కాదు, మనతోనే.

ఆ మాట పెచాల్బా. మధ్యలో ఉన్న 'చా'ని ఒత్తి పలకాలి.

లండన్ శివార్లలో ఉన్న మా ఇంటికి ఎవరో ఒక గోడ క్యాలెండరు బహుమతిగా తెచ్చారు. నెలకో దేశం, దేశానికో "అనువాదానికి లొంగని" మాట. ఇలాంటి వాటిలో పోర్చుగీసువాళ్ళ 'సౌదాద్' తప్పనిసరి, పెళ్ళి భోజనంలో పప్పులాగ. అక్టోబరు పేజీలో బల్గేరియా. పొగమంచులో ఒక కొండ, కొండ మీద ఒంటరి గొర్రెల కాపరి, కింద అందమైన అక్షరాల్లో పెచాల్బా. దానికి ఇచ్చిన అర్థం: దూరదేశంలో ఉన్నవాడి మనసులో మెదిలే తీయని బెంగ.

అప్పుడు మా వంటగది పెంచే పని నడుస్తోంది. పని చేస్తున్న మేస్త్రీ బల్గేరియన్, యాభై దాటినవాడు. టీ తాగుతూ క్యాలెండరు ముందు నిలబడి, కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివాడు. "తీయని బెంగా? ఇది రాసినవాడికి ఎవడూ ఎప్పుడూ కూలి ఎగ్గొట్టలేదనుకుంటా" అన్నాడు. కప్పు సింకులో పెట్టి పనిలోకి వెళ్ళిపోయాడు.

ఇవాళ సోఫియాలో ఎవరినైనా అడగండి. పెచాల్బా అంటే లాభం అంటారు. లాటరీ తగిలితే అదీ పెచాల్బాయే. కంపెనీలు ప్రభుత్వానికి కట్టే లాభాల పన్ను కూడా ఆ మాటతోనే ఉంటుంది. దాన్ని 2007లో పది శాతానికి తగ్గించారని వ్యాపారం చేసుకునేవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఇందులో బెంగా లేదు, పొగమంచూ లేదు. కానీ రెండు తరాలు వెనక్కి వెళితే, ఫలానావాడు "పెచాల్బాకి పోయాడు" అంటే ఊరు విడిచి, కొండలు దాటి, పరాయి దేశంలో పని చేసి నాలుగు డబ్బులు తేవడానికి పోయాడని. అలా పోయేవాడు పెచల్బార్. ఈ మాట మాసిడోనియావాళ్ళదీ. భాష దగ్గర వాళ్ళకీ బల్గేరియన్లకీ పెద్ద పేచీలే ఉన్నాయి, ఆ తగవులో నేను తలదూర్చను.

అసలు సంగతి మాట వేరులో ఉంది. బల్గేరియన్‌లో పెచాల్ అంటే శోకం. పెచాల్బా అంటే ఆర్జన. రెండూ ఒకే వేరుకి పుట్టినవి. పాత స్లావిక్‌లో ఆ వేరుకి చింత, దిగులు అని అర్థం. రష్యన్లు ఆ మాటని శోకం దగ్గరే ఆపేశారు. బల్గేరియన్లు దాన్ని పనిలోకి దింపారు. దిగులు పడి, పాటుపడి తెచ్చుకున్నది కాబట్టి సంపాదనకి ఆ పేరు పెట్టారు. ఇంకా వెనక్కి వెళితే ఆ ధాతువు కాల్చడం, వేయించడం దగ్గర తేలుతుందని చాలామంది భాషావేత్తల లెక్క. బల్గేరియన్‌లో రొట్టె కాల్చడానికి ఇప్పటికీ దాని తోబుట్టువైన మాటే వాడతారు. మనకి ఇది వింతగా తోచకూడదు. "ఈ పిల్లాడితో వేగలేకపోతున్నాను" అనే తల్లి నోట కూడా బాణలి మీద వేగే మాటే కదా వస్తుంది!

అయితే ఈ మాట అనువాదానికి లొంగదా? శుద్ధ అబద్ధం. తెలుగులోకి ఇంత సులువుగా వచ్చే మాట ఇంకోటి చూపించండి. కష్టం. "కష్టం వచ్చింది" అంటే శోకం. "కష్టం చేసుకుని బతుకుతున్నాం" అంటే కూలిపని. "నా కష్టం తిన్నాడు" అంటే నా సంపాదన కాజేశాడని. "కష్టార్జితం" అని ఒక్క సమాసంలో శోకాన్నీ లాభాన్నీ కట్టేసిన భాష మనది. పెచాల్బా మన వీధిలో పుట్టిన మాటలాగే ఉంది. లొంగనిది మాట కాదు, మనమే. కష్టం అన్న మాటని పనిమనిషికీ, రైతుకీ వదిలేసి మనం "ప్యాకేజీ" అంటున్నాం. మన పెరట్లో ఉన్నదాన్ని మరిచిపోయాం కాబట్టి పక్కవాడి పెరట్లో ఉన్నది అపురూపంగా కనిపిస్తోంది.

ఈ మాటకి ఒక జోడీ ఉంది: గుర్బెత్. అది టర్కీవాళ్ళు ఇచ్చిపోయింది, వాళ్ళకి అరబ్బీ నుంచి వచ్చింది. దానర్థమూ పరదేశంలో పని, పరాయితనం. గుర్బెత్‌కి పోయేవాడు గుర్బెత్చీయా. ఈ మాటతో మనకి ఏకంగా చుట్టరికమే ఉంది. అరబ్బీలో ఆ ధాతువుకి పొద్దు వాలడం, దూరంగా పోవడం అని అర్థాలు. హైదరాబాదులో సాయంత్రం వినిపించే మగ్రిబ్ నమాజు పేరులో ఉన్నది అదే ధాతువు. దాన్నుంచి పుట్టిన 'గరీబ్' అంటే అరబ్బీలో పరాయివాడు, ఊరు తెలియనివాడు. ఆ మాట పారశీకం, ఉర్దూల మీదుగా నడిచి తెలంగాణ పల్లెకి చేరేసరికి 'గరీబోడు' అయింది, అంటే లేనివాడు. పరాయివాడు కాస్తా పేదవాడయ్యాడు. ఒక మాట ఇంత నిజం చెబుతుంటే క్యాలెండరు వేసేవాడికి గొర్రెల కాపరి కనిపించాడు.

ఎవరు పోయారు ఈ పెచాల్బాకి? ఎక్కువమంది కొండ ఊళ్ళవాళ్ళు. భూమి చాలక, పన్నులు కట్టలేక. బ్రాత్సిగొవో, త్ర్యావ్నా ఊళ్ళ నుంచి తాపీ మేస్త్రీలు గుంపులు గుంపులుగా వెళ్ళి చర్చీలూ, వంతెనలూ, షావుకార్ల మేడలూ కట్టారు. వెలికో తర్నొవో దగ్గర ల్యాస్కొవెత్స్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల నుంచి కూరగాయల తోటమాలులు బయల్దేరారు. పంతొమ్మిదో శతాబ్దంలో వీళ్ళు తొక్కని దేశం లేదు: రుమేనియా, సెర్బియా, ఆస్ట్రియా, హంగేరీ, రష్యా. ఏటి ఒడ్డున నేల కౌలుకి తీసుకోవడం, నీళ్ళు తోడే చక్రం బిగించడం, మిరపా టమాటా వంగా పండించి పట్నం సంతకి పంపడం వాళ్ళ పని. హంగేరియన్లు ఆ చక్రానికి 'బల్గార్ చక్రం' అనే పేరు పెట్టేశారు. కూరగాయల సాగు చేసేవాడికి 'బల్గార్ తోటమాలి' అన్నది వాళ్ళ భాషలో ఒక వృత్తి పేరే అయింది. బుడాపెస్టులో ఆ పేరుతో ఒక వీధి ఇప్పటికీ ఉంది. 1914లోనే ఆ ఊళ్ళో తోటమాలులు సంఘం పెట్టుకున్నారు. గమనించండి, వాళ్ళ ప్రవాస సంఘం మొదలైంది ఉగాది కవి సమ్మేళనానికి కాదు, పొలం పనివాళ్ళ బాగోగులకి.

తోటమాలులు తైఫాలుగా వెళ్ళేవారు. తైఫా అంటే జట్టు. జట్టుకో పెద్ద, కింద పనివాళ్ళు, పని నేర్చుకునే కుర్రాళ్ళు. ఆఖర్న ఖర్చులు పోగా మిగిలినదాన్ని వాటాలు వేసుకునేవారు. వాటాల్లో అన్యాయాలు జరగలేదని కాదు. పెద్ద వాటా పెద్దదే, కుర్రాడి పాట్లు కుర్రాడివే. మేస్త్రీల ఏడాది మే 6న సెయింట్ జార్జి పండుగతో మొదలై అక్టోబరు 26న సెయింట్ డిమిటర్ పండుగతో ముగిసేది. మన దగ్గర పాలేరు లెక్క ఉగాదికి ఉగాది అయినట్టు వాళ్ళకి ఆ రెండు పండుగల మధ్య. ఆ అక్టోబరు రోజున కొండదారి వైపు కళ్ళు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళ మీద బోలెడు జానపద గీతాలున్నాయి. పెచాల్బాని తిట్టే పాటలు, శపించే పాటలు. బెంగ ఉంటే ఆ పాటల్లో ఉంది, కాదనను. కానీ అది ఊరి మీద మమకారం వల్ల పుట్టిన బెంగ కాదు. మనిషి వస్తాడా రాడా, వస్తే డబ్బుతో వస్తాడా దగ్గుతో వస్తాడా అన్న బెంగ.

తర్వాత ఈ మాటకి ఒక దుర్గతి పట్టింది. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి సరిహద్దులు మూసేసింది. సొంతంగా పోయేవాడు లేకుండాపోయాడు. పెచల్బార్ అన్న మాటకి లాభాపేక్ష గలవాడు, అయినకాడికి దండుకునేవాడు అన్న అర్థం గట్టిపడింది. పొట్టచేత పట్టుకుని పోయినవాడి పేరు దోపిడీదారుడి పేరయింది! అలాగని జనాన్ని బయటికి పంపడం ఆపారా అంటే, ఆపలేదు. అరవైల చివరి నుంచి వేలమందిని సోవియట్ ఉత్తరాన కోమీ అడవుల్లో చెట్లు కొట్టడానికి పంపారు. ఇంజనీర్లనీ, డాక్టర్లనీ, నర్సులనీ లిబియాకీ, అల్జీరియాకీ పంపారు. దానికి 'సహకారం' లాంటి పెద్దమనిషి పేర్లు పెట్టారు. 1989 వేసవిలో మూడు లక్షల పైచిలుకు బల్గేరియన్ తురుష్కులు మూటలు కట్టుకుని సరిహద్దు దాటారు. అంతకు నాలుగైదేళ్ళ ముందే వాళ్ళ ముస్లిం పేర్లు బలవంతంగా మార్పించారు. ఆ తరిమివేతకి దేశంలో మిగిలిన పేరేమిటో తెలుసా? 'పెద్ద విహారయాత్ర'. కాగితాల మీద వాళ్ళు పర్యాటకులు మరి! దాన్ని జాతి ప్రక్షాళన అని బల్గేరియా పార్లమెంటు ఒప్పుకోవడానికి 2012 దాకా పట్టింది.

మనుషులు కదిలినప్పుడు ఆ కదలికకి ఎవరు ఏ పేరు పెడుతున్నారో కనిపెట్టి ఉండాలని అందుకే అంటున్నాను.

లిబియా నర్సుల సంగతి కొందరికైనా గుర్తుండాలి. జీతం కోసం బెంఘాజీ ఆసుపత్రికి వెళ్ళిన అయిదుగురు బల్గేరియన్ నర్సుల్ని, వాళ్ళతోపాటు ఒక పాలస్తీనా డాక్టర్ని 1999లో పట్టుకున్నారు. నాలుగు వందల పైచిలుకు పిల్లలకి కావాలని హెచ్‌ఐవీ ఎక్కించారని నేరం మోపారు. ఆ ఆసుపత్రిలో శుభ్రత లేకే, వీళ్ళు అక్కడికి రాకముందే వైరస్ పాకిందని పేరున్న శాస్త్రవేత్తలు చెప్పినా కోర్టు వినలేదు. 2004లో మరణశిక్ష, 2006లో మళ్ళీ మరణశిక్ష. చివరికి 2007 జులైలో విడుదల. ఎనిమిదేళ్ళు. మా మేస్త్రీ ఈ సంగతి చెప్పి, "వాళ్ళు ఏ బెంగ కోసం వెళ్ళారో నీ క్యాలెండరుని అడుగు" అన్నాడు.

ఇక మన సంగతికి వస్తాను.

2014 జనవరి 1. బల్గేరియన్లూ, రుమేనియన్లూ బ్రిటన్‌లో పని చేసుకోవడానికి ఉన్న అడ్డంకులు ఎత్తేసిన రోజు. అంతకు ముందు నెలల తరబడి ఇక్కడి పత్రికలు వరద వస్తోందని గగ్గోలు పెట్టాయి. ఆ ఉదయం ఇద్దరు పార్లమెంటు సభ్యులు లూటన్ విమానాశ్రయానికి వెళ్ళి రుమేనియా విమానం దిగేవాళ్ళకి ఎదురు నిలబడ్డారు. దిగినవాళ్ళలో చాలామంది అప్పటికే ఇక్కడ పనిలో ఉండి, పండక్కి ఇంటికి వెళ్ళివస్తున్నవాళ్ళు. వరద లేదు, వాన లేదు.

ఆ గగ్గోలు మన డ్రాయింగు రూముల్లోకీ వచ్చింది. 2016లో ఐరోపా నుంచి బయటికి పోవాలా వద్దా అని ఓట్లు వేసే ముందు మరీ ఎక్కువైంది. మనవాళ్ళు ఎంతమంది అనగా విన్నానో చెప్పలేను: "మనం వీసా ఫీజులు కట్టి, చదువులు చూపించి వచ్చాం. వీళ్ళు బస్సెక్కి వచ్చేశారు." మా ఇంట్లోనే, ఆ కొత్త వంటగదికి ఇంకా తలుపులు బిగించకముందు, ఒక ఆదివారం భోజనాల దగ్గర ఒక పెద్దాయన సెలవిచ్చారు: "మనం ప్రవాసులం. ఈ తూర్పు ఐరోపా వాళ్ళు వలసకూలీలు. తేడా ఉంది." ఆ తూర్పు ఐరోపా వాడు బిగించిన గ్రానైటు బండ మీద ఆయన గారెల పళ్ళెం పెట్టి ఉంది. నేనేమీ అనలేదు. అనడానికి నాకు మొహం లేదు. ఆ ముందు వారమే మేస్త్రీ చెప్పిన కూలిలో మూడువందల పౌన్లు బేరమాడి తగ్గించాను, "మీవాళ్ళు ఇంతకంటే తక్కువకి చేస్తారుట కదా" అని. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

ప్రవాసం, వలస. తెలుగులో మనం ఈ రెండు మాటల్నీ ఎంత జాగ్రత్తగా పంచుకున్నామో చూడండి. డాలర్లకీ పౌన్లకీ వెళ్ళినవాడిది ప్రవాసం. దినార్లకీ రియాళ్ళకీ వెళ్ళినవాడిది వలస. ప్రవాసానికి సాహిత్యం ఉంటుంది, సావనీరు ఉంటుంది, శాలువా ఉంటుంది. వలసకి సమస్య ఉంటుంది. ప్రవాసి మీద వ్యాసం రాస్తే అందులో 'అస్తిత్వం' వస్తుంది, వలసకూలీ మీద రాస్తే 'ఏజెంటు మోసం' వస్తుంది. జగిత్యాల నుంచి దుబాయి వెళ్ళి ఇరవయ్యేళ్ళు ఇనుము వంచినవాడికి అస్తిత్వం ఉండదా? డాలస్ వెళ్ళిన కుర్రాణ్ణి ఏజెంటు మోసం చెయ్యలేదా? నకిలీ అనుభవం రాయించి, జీతంలో కోత కోసి, ప్రాజెక్టు దొరికేదాకా ఆరుగురిని ఒక గదిలో పడేసినవాణ్ణి 'కన్సల్టెన్సీ' అన్నాం. పని లేక కూర్చుంటే 'బెంచి మీద ఉన్నాడు' అన్నాం. పొద్దున్నే హైదరాబాదు అడ్డాల మీద తాపీలూ, పారలూ పట్టుకుని నిలబడేవాళ్ళకీ, ఆ బెంచికీ తేడా ఏమిటో నాకెవరైనా చెప్పండి. 'ఆన్‌సైట్ వెళ్ళాడు' అంటాం మళ్ళీ! మా మేస్త్రీ కూడా రోజూ సైటుకే వెళ్తాడు.

ఈ తేడా మనం ఊహించుకున్నదే కాదు, ముద్ర వేసి మరీ ఇచ్చారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టుకి వేరే తనిఖీ ఉంది. 2018 జనవరిలో అలాంటివాళ్ళ పాస్‌పోర్టు అట్ట రంగే మార్చి నారింజ రంగు వేస్తామని కేంద్రం ప్రకటించింది. విమానాశ్రయంలో దూరం నుంచే చదువులేనివాడని తెలిసిపోయే ఏర్పాటు. కేరళ గోల పెట్టింది, గల్ఫ్ సంఘాలు గోల పెట్టాయి, నెల తిరక్కుండా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. మన ప్రవాస సంఘాల వేదికల మీద ఆ నెల దాని గురించి ఒక్క మాట నా చెవిన పడలేదు. మనది నీలం అట్ట కదా!

అదే కేంద్రం 2003 నుంచి జనవరి 9ని ప్రవాసీ భారతీయ దివస్‌గా జరుపుతోంది. గాంధీ దక్షిణాఫ్రికా నుంచి 1915లో తిరిగివచ్చిన రోజు అది. బాగుంది. కానీ గాంధీ అక్కడికి ఎందుకు వెళ్ళాడు? 1893లో ఒక వర్తకుడి దావా పని మీద, ఏడాది ఒప్పందం మీద. బొంబాయిలో వకీలుగా నాలుగు రాళ్ళు సంపాదించలేక. బల్గేరియన్ ఎవరైనా వింటే ఆయన పెచాల్బాకి వెళ్ళాడనే అంటాడు. అందులో ఆయనకి తక్కువతనం ఏమీ లేదు.

మా తాతయ్య కాకినాడలో స్టీమరెక్కి రంగం వెళ్ళాడు. రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఆ రోజుల్లో రంగూన్‌లో తెలుగువాళ్ళందరికీ ఒకటే పేరు: కోరంగీలు. మన కోరంగి రేవు పేరే తిట్టుగా మారింది. 1930 మే నెలలో అక్కడి రేవులో మొదలైన గొడవల్లో ఆ పేరు పెట్టి వెతికి వెతికి కొట్టారు. చాలామంది చచ్చిపోయారు. తాతయ్య బతికి ఇంటికి వచ్చాడు, రెండు వేళ్ళు లేకుండా. ఊళ్ళో ఆయన్ని 'రంగం తాత' అనేవారు. ప్రవాసి అని ఎవరూ అనలేదు. నేను ఇక్కడికి వచ్చాక మా నాన్న పెళ్ళిశుభలేఖ మీద నా పేరు పక్కన 'ప్రవాసాంధ్రుడు' అని వేయించాడు. ఒకే ఇల్లు, రెండు తరాలు. తాతయ్య మోసిన బస్తాకీ, నేను మోసే ల్యాప్‌టాప్ సంచీకీ బరువులో తేడా ఉంది. చాలా ఉంది. పనిలో తేడా లేదు. ఇద్దరం ఊళ్ళో గడవకే వచ్చాం.

ఇక్కడ నన్ను ఆపేవాళ్ళుంటారు. ఏసీ గదిలో కూర్చునేవాడు 'నేనూ కూలీనే' అనడం ఎంత బూటకం! కువైట్ ఎండలో మాడేవాడి కష్టాన్ని అరువు తెచ్చుకుని నువ్వు గరీబు వేషం వేస్తున్నావా? మంచి ప్రశ్న. చాలారోజులు నన్ను వేధించిన ప్రశ్న కూడా. దీనికి నాకు దొరికిన జవాబు ఆ తైఫాలోనే ఉంది. జట్టు పెద్దా పెచాల్బాకి వెళ్ళినవాడే, కుర్రాడూ వెళ్ళినవాడే. మాట ఒకటే కాబట్టే కుర్రాడు పెద్దని నిలబెట్టి నీ వాటా ఎంత, నా వాటా ఎంత అని అడగగలిగాడు. పెద్దకి వేరే మాట ఇచ్చేసి ఉంటే, ఆయనది 'పెచాల్బా', నీది 'సమస్య' అని ఉంటే, ఆ ప్రశ్న అడగడానికి చోటే ఉండేది కాదు. రెండు మాటలున్న చోట పోలిక ఉండదు. పోలిక లేనప్పుడు వాడి పాస్‌పోర్టు అట్ట రంగు మారినా మనకి నొప్పి తెలియదు. ఒకే మాట కింద నిలబడితే ఎవరిది ఎంత కష్టమో, ఎవరిది ఎంత లాభమో లెక్క తేలుతుంది. ఆ లెక్కంటేనే మనకి భయం.

ప్రవాసం అన్న మాటకి మన అలంకారశాస్త్రంలోనే మంచి చోటుంది. విప్రలంభ శృంగారంలో అదొక భేదం. మగడు దేశాంతరం వెళితే ఇంట్లో కుమిలే నాయికకి ప్రోషితభర్తృక అని పేరే పెట్టారు. ఎంత దయ! అయితే ఇప్పుడు ప్రయాణమయ్యేది ఆ నాయికే. ఇటలీలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తూ, వాళ్ళ ఇళ్ళలోనే పడుకునే బల్గేరియన్ ఆడవాళ్ళున్నారు. స్పెయిన్‌లో నడుం వంచి స్ట్రాబెర్రీలు కోసేవాళ్ళున్నారు. పిల్లలు అక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. మన కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్ళలోకి వెళ్ళినవాళ్ళూ ఆడవాళ్ళే. అష్టవిధ నాయికల్లో వీళ్ళకి చోటు లేదు. అభిసారిక బయల్దేరుతుంది గానీ, నాలుగు వీధుల అవతలికి. రెండేళ్ళ ఒప్పందం మీద కాదు.

బల్గేరియా 1985 జనాభా లెక్కల్లో 89 లక్షల పైన ఉండేది. 2021 లెక్కల్లో 65 లక్షలు. పుట్టుకలు తగ్గడం ఒక కారణం, జనం పోవడం ఇంకో కారణం. మా మేస్త్రీది దేశానికి వాయవ్య మూల ఊరు. ఆ దేశంలో ఒక ఆచారముంది. మనిషి పోతే ఫొటో వేసిన కాగితం ఇంటి తలుపుకీ, గేటుకీ, వీధిలో స్తంభాలకీ అంటిస్తారు. నలభైరోజులకి ఒకటి, ఏడాదికి ఒకటి. వాళ్ళ వీధిలో చివరిసారి తాను చూసినప్పుడు మనుషులకంటే గేట్ల మీద కాగితాలే ఎక్కువున్నాయని చెప్పాడు. వాళ్ళ అమ్మ కాగితం తాను అంటించలేదు, పక్కింటివాళ్ళు అంటించారు. అప్పుడు ఇక్కడ ఎవరిదో బాత్‌రూము పని సగంలో ఉందట. పని మధ్యలో వదిలేస్తే డబ్బు రాదన్నారట. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో నాకు తీయదనం ఏమీ కనపడలేదు. శంషాబాదులో సరుకుల విభాగం గేటు దగ్గర శవపేటిక కోసం ఎదురుచూసే సిరిసిల్ల కుటుంబాల మొహాల్లో కూడా అది కనపడదు.

చివరి రోజున బేరమాడిన మూడువందలూ కలిపి ఇచ్చాను. లెక్కపెట్టి మూడువందలూ వెనక్కి ఇచ్చేశాడు. "మాట అయిపోయింది కదా" అన్నాడు. బతిమాలినా పుచ్చుకోలేదు. ఆ మూడువందలూ నా దగ్గరే ఉన్నాయి. పెచాల్బా అంటే లాభం అన్నాను కదా!

ఈ సంకలనం సంపాదకులకి ఒక మాట. ఇంతకుముందు వచ్చిన ఇలాంటి సంకలనాలు నా బల్ల మీద కొన్నున్నాయి. గల్ఫ్ నుంచి వచ్చిన కథలు వాటిలో వెతికితే చేతివేళ్ళు మిగిలిపోతాయి. 'రచనలు రాలేదు' అంటారు. అడిగామా అన్నది నా ప్రశ్న. నేనూ అడగలేదు, ఈసారి దాకా. మా పిన్ని కూతురు కువైట్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఒకే ఇంట్లో కాదు, నాలుగో ఇల్లు ఇది. రెండో ఇంట్లో పాస్‌పోర్టు లాక్కుని ఎనిమిది నెలలు జీతం ఇవ్వలేదు. ఎంబసీ ఆశ్రయంలో నెలన్నర ఉండి బయటపడింది. అది మాట్లాడితే కథలాగే ఉంటుంది. శుక్రవారం ఫోను చేసి, ప్రవాస రచయితల పుస్తకం వేస్తున్నారు, నువ్వూ ఏదైనా రాయి, నోటితో చెప్పినా నేను రాసిపెడతాను అన్నాను.

"ప్రవాస రచయితలా? నేనెక్కడ ప్రవాసినన్నయ్యా, కష్టం చేసుకుంటన్నాను" అంది.

అందుకే రాయమంటున్నానన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. వెనకాల ఎవరో పిల్ల ఏడుస్తోంది, వాళ్ళ ఇంటి పిల్ల. తర్వాత అడిగింది. "రాస్తే ఎంతిస్తారన్నయ్యా?"

ఏమీ ఇవ్వరని చెప్పాను. నవ్వేసి ఫోను పెట్టేసింది.